వెబ్ పుటలో పైపొర ఏది?

పరీక్షా ఫలితములు చూడబోయిన విద్యార్థి తన సంఖ్యను వ్రాసి మీట నొక్కును. ఫలితము రాదు. మీట కన్నుల యెదుటనే యున్నది. కాని దానిపై పారదర్శకమైన ప్రకటన పెట్టె యొకటి పరచుకొనియున్నది. నొక్కు సాధారణముగా ఆ చోట అన్నిటికంటె పైనున్న పొరకే చేరును. పుటను వ్రాసినవాడు మీటకు 9999 అను పెద్ద అంకెను, ప్రకటనకు 2 అను అంకెను ఇచ్చియుండవచ్చును. అయినను ప్రకటనయే పైన నిలిచినది. కారణమేమి?

తెరకు పొడవు, వెడల్పు మాత్రమే కలవు. బ్రౌజరు ఒకదాని తరువాత ఒకటిగా చిత్రించుకొని పోవును. తరువాత చిత్రించినది ముందు చిత్రించిన దానిని కప్పును. గోడమీద సినిమా కాగితముల సంగతియు ఇంతే కదా! ఈ వరుసను మార్చుటకు జెడ్-ఇండెక్స్ అను అంకె కలదు. రేఖాగణితమున మూడవ అక్షము పేరే దీనికి వచ్చినది. పుటల అలంకరణను నిర్దేశించు సి.ఎస్.ఎస్. భాషయొక్క రెండవ కూర్పు, 1998లో వెలువడినది, దీని నియమములను వివరించినది. సాధారణముగా స్థానమును ప్రత్యేకముగా నిర్ణయించిన అంశములకే, అనగా పొజిషన్ అను లక్షణమును మార్చిన వాటికే, ఈ అంకె పనిచేయును.

ఫ్లెక్స్ అమరికలో మాత్రము ఈ నిబంధన లేదు. తెర వెడల్పును బట్టి సాగుచు కుదించుకొనుచు నుండు ఈ వరుసలోని పెట్టెలు తమంతట తాము ఒకదానిపై నొకటి పడవు. అ, ఆ, ఇ అను మూడు పెట్టెలు తీసికొని, ఆ, ఇ లకు ఎడమ మార్జిన్ -20 పిక్సెళ్లు ఇచ్చి చూడుడు. ఆ పెట్టె అ యొక్క కుడి అంచును, ఇ పెట్టె ఆ యొక్క కుడి అంచును కప్పును. ఇప్పుడు ఆ పెట్టెకు జెడ్-ఇండెక్స్ 1 ఇచ్చినచో, పొజిషన్ ముట్టుకొనకయే అది రెంటికిని పైకి వచ్చును. 1కి బదులు 0 ఇచ్చినను వచ్చును! అంకె ఇవ్వకుండుటయు, సున్న ఇచ్చుటయు ఒకటి కాదు. ఆర్డర్ అను లక్షణముతో పెట్టెల క్రమమును మార్చినచో, చిత్రించు వరుసయు దానితోపాటు మారును.

ఇక 9999 సంగతి. ఫ్లెక్స్ పెట్టెకు జెడ్-ఇండెక్స్ ఇచ్చిన క్షణమున అది తన లోపలి అంశములకు ఒక దొంతర యగును. రెండు జవాబుపత్రముల కట్టలను ఒకదానిపై నొకటి పెట్టుడు. క్రింది కట్టలో అన్నిటికంటె పైనున్న పత్రము కూడ పైకట్టలోని అట్టడుగు పత్రమునకు క్రిందనే యుండును. మీట ఉన్న పెట్టె అంకె 1. ప్రకటన ఉన్న పెట్టె అంకె 2. పోటీ ఈ రెంటికే. 9999 తన కట్ట దాటి బయటికి రాదు. ఇది తెలియనివారు 99కు బదులు 999, దానికి బదులు 9999 అని వేలంపాట సాగింతురు.

దొంతర ఏర్పడుటకు అంకెయే కారణము కానక్కరలేదు. ఒపాసిటీని 1 నుండి 0.99కు తగ్గించినను ఏర్పడును. కంటికి తేడా తెలియదు కనుక ఈ చిక్కును కనిపెట్టుట మిక్కిలి కష్టము. మన పుటలోని మీట విషయమున మాత్రము చికిత్స సులభము. అది ఉన్న పెట్టెకు 1కి బదులు 3 ఇచ్చినచో చాలును. మీటకు 9999 తీసివేసి 1 ఉంచినను అది నొక్కుటకు అందును.