గంధకమును వేరుచేయు సూక్ష్మజీవి

భూగర్భమునుండి వెలువడు ముడి చమురునందు ఉదజని, కర్బనములతోబాటు గంధకము కూడ దాగియుండును. కొన్ని చమురులలో అది నూటికి అర పాలైనను ఉండదు. మరికొన్నిట మూడు పాళ్లను మించును. అట్టి చమురును శుద్ధిచేయక మండించినచో ఊపిరితిత్తులను బాధించు విషవాయువు పుట్టును. వానలు ఆమ్లమయములగును. అందుచేతనే మన దేశమున 2020 ఏప్రిల్ 1 నుండి వాహనముల డీజిలునందు పదిలక్షల పాళ్లకు 10 పాళ్లకంటె ఎక్కువ గంధకము ఉండరాదని నియమమేర్పడినది.

శుద్ధి కర్మాగారములలో ఈ పనిని ఉదజని వాయువు చేయును. కోబాల్టు, మాలిబ్డినము అను లోహములు దానికి తోడ్పడును. కాని మూడు నాలుగు వందల డిగ్రీల వేడియు, గొప్ప పీడనమును కావలెను. ఇంత చేసినను లొంగని మొండి పదార్థములు కలవు. డైబెంజోథయోఫీను జాతి అట్టిది. ఇందు రెండు కర్బన వలయముల నడుమ గంధక పరమాణువు బందీయై యుండును.

ఈ చెరను విడిపింపగల సూక్ష్మజీవులకై శాస్త్రజ్ఞులు వెదకిరి. తొలుత దొరకినవి కర్బన వలయమునే కొరికివేసినవి. ఎలుకమీది కోపముతో ఇంటికి నిప్పుపెట్టినట్లు, గంధకము పోకమునుపే ఇంధనము నష్టమయ్యెను. 1990 ప్రాంతమున చికాగోలోని గ్యాస్ టెక్నాలజీ సంస్థయందు జాన్ కిల్బేను, ఆయన సహచరులు వేరొక ఉపాయము పన్నిరి. గంధకము లేనిదే ఏ జీవియు బ్రతుకజాలదు గదా! వారు సూక్ష్మజీవులకు తక్కిన ఆహారమంతయు సమకూర్చి, గంధకమును మాత్రము ఈ మొండి పదార్థముల రూపముననే అందించిరి. ఆ కఱవులో నెగ్గినది రోడోకాకస్ జాతికి చెందిన ఒక సూక్ష్మజీవి.

దాని పనితీరు ముచ్చట గొల్పును. మొదట గంధకమునకు ఒక ఆమ్లజని పరమాణువును, పిమ్మట రెండవదానిని తగిలించును. తరువాత గంధకమును కర్బనముతో కలుపు బంధములను ఒకదాని వెంట ఒకటి త్రెంచును. గంధకము నీటిలోనికి జారును. కర్బన వలయములు చెక్కుచెదరక చమురులోనే నిలుచును. ఇదంతయు సుమారు 30 డిగ్రీలలోనే, అనగా మన సాధారణ వాతావరణపు వేడిలోనే జరుగును!

అయినను ఈ జీవి మన కొరకు పనిచేయుట లేదు, తన ఆకలి కొరకు చేయుచున్నది. ఆ ఆకలియో మిక్కిలి స్వల్పము. తేలికగా దొరకు గంధకము చెంతనున్నచో ఈ ఎంజైములను తయారుచేయుటయే మానివేయును. పని ముగిసిన పిదప చమురులో మిగులు పదార్థము దానికే విషప్రాయము. పైగా చమురును నీటితో చిలికి, మరల వేరుచేయుట మజ్జిగనుండి వెన్న తీసినంత సులభము కాదు. 1990ల దశకమున టెక్సాసులోని ఎనర్జీ బయోసిస్టమ్స్ అను కంపెనీ దీనిని వ్యాపారముగా మలచ యత్నించెను గాని, అది నిలువలేదు.

పిదప పరిశోధకులు ఆ ఎంజైముల జన్యువులను సూడోమోనాస్ అను మరియొక సూక్ష్మజీవిలో నాటి, గంధకము సమృద్ధిగానున్నను పని ఆగకుండునట్లు చేసిరి. వేగమును పెంచుట మాత్రము నేటికిని కొఱవడియే యున్నది.