ఒక డిస్కు పోయిన రోజు

1980ల్లో పెద్ద కంప్యూటర్ల పక్కన ఉండే ఐబీఎం 3380 డిస్కు యంత్రం బీరువా అంత ఉండేది. లోపల 14 అంగుళాల పళ్లేలు గిర్రున తిరిగేవి. అదే దశకంలో పర్సనల్ కంప్యూటర్ల కోసం కానర్ కంపెనీ చేసిన సీపీ3100 డిస్కు అరచేతిలో ఇమిడేది, 100 మెగాబైట్లు పట్టేది. బీరువాలో పట్టేది 7,500. అంటే చిన్నవి 75 పేరిస్తే చాలు. ఖర్చూ తక్కువ, కరెంటూ తక్కువ, అన్నీ ఒకేసారి పనిచేస్తే వేగమూ ఎక్కువ. మరి పేర్చడానికి అడ్డేమిటి?

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ ఆ లెక్క వేసి, 1988లో షికాగోలో జరిగిన డేటాబేస్ పరిశోధకుల సదస్సు సిగ్‌మాడ్ ముందు పెట్టారు. ఒక్కో డిస్కు సగటు ఆయుష్షు 30,000 గంటలు, మూడేళ్ల పైచిలుకు. వంద డిస్కులు జతకడితే సగటున 300 గంటలకే, అంటే రెండు వారాలు నిండకముందే, ఏదో ఒకటి పోతుంది. సమాచారం అన్నిటి మీదా పరిచి ఉంటే ఒక్కటి పోయినా అంతా పోయినట్టే. డిస్కు చెడక తప్పదని ఒప్పుకుని వాళ్లు అక్కడి నుంచే మొదలుపెట్టారు. అలా పుట్టిన అమరికలకు పెట్టిన పేరు రెయిడ్. పోయిన భాగాన్ని మిగిలినవాటి నుంచి తిరిగి కట్టే పద్ధతికి ఐబీఎంలో నార్మన్ ఔచి 1978లోనే పేటెంటు పొందాడు. రకరకాల అమరికలను వరుసపెట్టి, వాటి ఖర్చూ వేగమూ తూచి చూపిన ఘనత మాత్రం బర్కిలీదే.

ఆ తిరిగి కట్టడం ఎంత అందమైనదో కాగితం మీద చూడండి. మూడు డిస్కుల్లో ఒకే చోట 1, 0, 1 ఉన్నాయి. ఒకట్లు రెండు, సరిసంఖ్య. కాబట్టి నాలుగో డిస్కులో 0 రాస్తాం. ఒకట్లు బేసి అయితే 1 రాసి సరి చేస్తాం. ఇప్పుడు రెండోది పోయింది. మిగిలినవి 1, 1, 0. ఒకట్లు ఇప్పటికే సరిగా ఉన్నాయి, పోయింది 0 అన్నమాట. ప్రతి బిట్టుకూ ఇంతే. దీన్నే ప్యారిటీ అంటారు. ఆ ప్యారిటీని ఒకే డిస్కు మీద వేయకుండా అన్నిటికీ పంచితే రెయిడ్ 5.

ఇక ఎంపిక. పెళ్లి వీడియోలు దాచుకునే స్టూడియోలో 4 టెరాబైట్ల డిస్కులు నాలుగు ఉన్నాయనుకుందాం. రెయిడ్ 5లో 12 టెరాబైట్లు చేతికొస్తాయి, ఒక డిస్కు పోయినా తట్టుకుంటుంది. రెయిడ్ 6లో ఎనిమిదే, కానీ ఏ రెండు పోయినా సమాచారం నిలుస్తుంది. డిస్కులను జతలుగా చేసి, జతలోని రెండింటిలోనూ ఒకే సమాచారం రాసే రెయిడ్ 10లోనూ ఎనిమిదే. చిన్నచిన్న రాతలకు ఇదే చురుకైనది, అయితే ఒకే జతలోని రెండూ పోతే అంతే సంగతి.

చాలామంది ఆ 12 చూసి రెయిడ్ 5కి మొగ్గుతారు. డిస్కు మార్చాక ఏం జరుగుతుందో కూడా చూడాలి. సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున ఆగకుండా రాసినా కొత్త డిస్కు నిండటానికి ఏడు గంటలు దాటుతుంది. అంతసేపూ రెండో రక్షణ లేదు. మిగిలిన మూడింటినీ, అంటే 12 టెరాబైట్లనూ, పొల్లుపోకుండా చదవాలి. చాలా మామూలు డిస్కుల మీద కంపెనీలు ఇచ్చే మాట, చదవలేని బిట్టు వంద లక్షల కోట్లకు ఒకటికి మించదని. అన్ని బిట్లంటే పన్నెండున్నర టెరాబైట్లు! నిజానికి డిస్కులు ఆ మాట కన్నా మెరుగ్గానే నడుస్తుంటాయి, అయినా ఆ ఆసరాతో పెళ్లి వీడియోలు పణంగా పెట్టలేం. ఆ స్టూడియోకు నేను చెప్పేది రెయిడ్ 6.

పొరపాటున చెరిపేసిన ఫైలును మాత్రం ఏ రెయిడూ తిరిగి ఇవ్వదు. అన్ని డిస్కుల్లోనూ ఆ చెరిపివేత ఒకేసారి జరిగిపోతుంది. అందుకే వేరే చోట మరో కాపీ ఉంచండి. డిస్కుల పెట్టె మీద హెచ్చరిక దీపం వెలిగిన రోజు, కొత్త డిస్కు బిగించే ముందు ఆ కాపీ తెరిచి ఒక వీడియో ఆడుతోందో లేదో చూసుకోండి.