తుపాను నాటికి రెండో పొయ్యి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటినపుడు చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు కరెంటు పొయ్యి అక్కరకు రాదు. గ్యాసు బండ అయిపోతే, దారులు బాగుపడేదాకా కొత్తది రాదు గదా!

నా మటుకు నేను రంపపుపొట్టు పొయ్యినే మెచ్చుతాను. మూత తీసిన పాత రేకు డబ్బాకు అడుగు పక్కన కంత చేయండి. నడుమ ఒక గుండ్రటి కర్ర, కంతలోంచి దానికి తగిలేలా మరొకటి ఉంచి, పొట్టు గట్టిగా దట్టించి, కర్రలు మెల్లగా లాగవలెను. కింది కంతలో పుల్లలు వెలిగిస్తే గంటల తరబడి మండుతుంది. పొట్టు చెమ్మగిల్లిందా, పొగే మిగులుతుంది. ఎండలోనే ఆరబెట్టి, మూత డబ్బాలో పోసి అటకెక్కించండి.

ఒక్క సంగతి. గాలివానకు జడిసి, తలుపులు బిగించుకొని గదిలో కుంపటి పెట్టుకొనేవారున్నారు. కార్బన్ మోనాక్సైడు వాయువుకు రంగూ వాసనా లేవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పొట్టు పొయ్యి నుంచీ అదే వస్తుంది. గాలి ఆడే వసారాలోనే వెలిగించండి.