ఎరువు మోతాదే కాదు.. సమంగా పడటమూ ముఖ్యమే

వరి పొలంలో పైపాటుగా యూరియా చల్లిన వారం, పది రోజులకు పైరు కొన్నిచోట్ల ముదురు ఆకుపచ్చగా, ఆ పక్కనే లేత పసుపు చారలుగా కనిపిస్తుంటుంది. సిఫారసు చేసిన మోతాదు వేసినా ఇలా జరగవచ్చు. ఎరువు పొలమంతా సమంగా పడకపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం. బస్తాపై ముద్రించిన అంకెలు అందులోని పోషకాల శాతాన్ని మాత్రమే తెలియజేస్తాయి. ఆ పోషకాలు ప్రతి మొక్కకూ అందడమన్నది గుళికల పరిమాణం, బరువు, గట్టిదనం, చల్లే పద్ధతులపై ఆధారపడి ఉంటుంది.

లెక్క సరిపోయినా నష్టమే

ఒక ఎకరా పొలానికి 20 కిలోల నత్రజని వేయాలనుకుందాం. సమంగా పడక, సగం పొలానికి 15 కిలోలు, మిగతా సగానికి 5 కిలోలు అందితే మొత్తం లెక్క సరిగ్గానే ఉంటుంది. పంట మాత్రం రెండు వైపులా దెబ్బతింటుంది. తక్కువ పడినచోట పిలకలు తగ్గుతాయి. ఎక్కువ పడినచోట పైరు ఏపుగా పెరిగి గాలివానకు పడిపోతుంది. సుడిదోమ, అగ్గితెగులు ఉద్ధృతి పెరుగుతుంది. అదనంగా అందిన నత్రజని వల్ల పెరిగే దిగుబడి, కొరవడినచోట కోల్పోయే దిగుబడిని భర్తీ చేయలేదు.

భాస్వరం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. నత్రజని నీటితోపాటు నేలలో కొంతమేర కదులుతుంది. భాస్వరం పడినచోటి నుంచి పెద్దగా కదలదు. అందువల్ల చల్లేటప్పుడు జరిగిన పొరపాటును నేల సరిదిద్దదు.

కలిపి చల్లితే ఏమవుతుంది?

డీఏపీ, పొటాష్‌లను ఒకే తట్టలో కలిపి చల్లడం చాలాచోట్ల కనిపించే పద్ధతి. వీటి గుళికలు ఒకే తీరుగా ఉండవు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు-1985 ప్రమాణాల ప్రకారం డీఏపీలో కనీసం 90 శాతం గుళికలు 1 నుంచి 4 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. సాధారణ మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో కనీసం 65 శాతం 0.25 నుంచి 1.7 మిల్లీమీటర్ల మధ్య ఉంటే సరిపోతుంది. విసిరినప్పుడు పెద్ద గుళికలు దూరంగా, సన్నని పలుకులు దగ్గరగా పడతాయి. నడకలో తట్ట కదిలే కొద్దీ సన్నని పలుకులు అడుగుకు జారతాయి. ఫలితంగా మొదటి పిడికిళ్లలో భాస్వరం, చివరి పిడికిళ్లలో పొటాష్ ఎక్కువగా వెళ్తాయి. తిరుగుడు పళ్లెంతో చల్లే యంత్రాల్లో ఈ తేడా మరింత పెరుగుతుంది.

యూరియాను సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌తో కలిపి నిల్వ ఉంచితే తేమ విడుదలై మిశ్రమం ముద్దకడుతుంది. జింకు సల్ఫేట్‌ను భాస్వరం ఎరువులతో కలిపితే జింకు మొక్కకు అందని రూపంలోకి మారుతుంది. కాబట్టి ఈ రెంటినీ వేర్వేరు రోజుల్లో వేసుకోవాలి.

ఎంపిక ఎలా?

10-26-26, 14-35-14 వంటి కాంప్లెక్స్ ఎరువుల్లో ప్రతి గుళికలోనూ మూడు పోషకాలూ ఉంటాయి. గుళిక ఎక్కడ పడినా పోషకాలు అదే నిష్పత్తిలో అందుతాయి. సమానత్వం దృష్ట్యా దుక్కిలో వేయడానికి ఇవి అనుకూలం. అయితే వీటిలోని నిష్పత్తిని మార్చలేం. 50 కిలోల 10-26-26 బస్తాలో 5 కిలోల నత్రజని, 13 కిలోల చొప్పున భాస్వరం, పొటాష్ లభిస్తాయి. పొటాష్ పుష్కలంగా ఉన్న నేలకు ఈ ఎరువు అనవసర ఖర్చే. అందువల్ల భూసార పరీక్ష ఫలితం చూశాకే ఎరువును నిర్ణయించుకోవడం మేలు.

కొనేముందు గుళికలను పరిశీలించాలి. పరిమాణంలో పెద్దగా తేడా లేకుండా, వేళ్ల మధ్య నొక్కితే సులువుగా పొడికాకుండా, జిగట లేకుండా ఉన్నవి చక్కగా చల్లుకుపోతాయి. గడ్డకట్టిన ఎరువును చిదిపి, జల్లించాకే వాడాలి.

బోరాన్ వంటి సూక్ష్మపోషకాలను ఎకరమంతటికీ అతి కొద్ది మోతాదులో వేయాల్సి ఉంటుంది. వాటిని విడిగా చల్లితే సమంగా పడటం కష్టం. పొడి ఇసుకతో కలిపి పరిమాణం పెంచుకోవచ్చు; లేదా బోరాన్ చేర్చిన కాంప్లెక్స్ ఎరువులను ఎంచుకోవచ్చు.

చల్లడంలో మెలకువలు

నేరు ఎరువులే వాడాల్సి వస్తే ఒక్కోదాన్ని విడిగా చల్లాలి. మోతాదును రెండు సగాలు చేసి, మొదటి సగం పొలం పొడవునా, రెండో సగం అడ్డంగా చల్లితే ఒకసారి తప్పినచోట రెండోసారి పడుతుంది. ఎకరాన్ని ముందే నాలుగు భాగాలుగా విభజించి, ఎరువునూ అలాగే తూచి పెట్టుకుంటే చివర్లో కొరత రాదు. గాలి ఉద్ధృతంగా ఉన్నప్పుడు, ఆకులపై మంచు ఆరకముందు చల్లకూడదు. వరిలో యూరియా వేసేముందు మడిలో నీరు పలుచగా ఉంచి, ఒకటి రెండు రోజుల తర్వాత మళ్లీ పెట్టాలి.

వీటిలో చాలావాటికి అదనపు ఖర్చేమీ లేదు. కొన్న ఎరువు మొత్తం పైరుకు సమంగా అందితేనే రైతు పెట్టిన డబ్బుకు ఫలితం దక్కుతుంది.