పొదుగు వాపు - తెల్ల కణాలలోని కొవ్వు

కొవ్వు అనగానే మన సంఘ సభ్యులకు వెన్న శాతమే గుర్తుకు వస్తుంది. పాలకు ధర కట్టేది దానినిబట్టే కనుక అది సహజమే. కాని పాడిపశువు ఒంటిలో మనం ధర కట్టని కొవ్వు మరొకటి ఉన్నది. పొదుగు ఎందుకు వాస్తుంది, ఎందుకు కాలుతుంది, ఎప్పుడు తగ్గుతుంది అనేవి చాలావరకు దానిపై ఆధారపడి ఉంటాయి. తనిఖీకి వెళ్ళిన గ్రామాలలో సభ్యులు మమ్ములను పొదుగువాపు గురించి తరచు అడుగుతున్నారు కనుక ఈ సంగతి కొంచెం వివరంగా వ్రాస్తున్నాము.

రోగక్రిములు చనుమొన రంధ్రం గుండా పొదుగులో ప్రవేశిస్తాయి. అక్కడ కాపలా ఉన్న తెల్ల రక్తకణాలు వాటిని గుర్తిస్తాయి. ప్రతి కణం చుట్టూ పలుచని పొర ఉంటుంది. ఆ పొరలో ముఖ్యమైన భాగం కొవ్వే. క్రిమి తగలగానే కణం తన పొరనుండే అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లాన్ని విడదీస్తుంది. దానినుండి రెండు రకాల పదార్థాలు తయారవుతాయి. ప్రోస్టాగ్లాండిన్లు రక్తనాళాలను వెడల్పు చేసి వేడి, నొప్పి, జ్వరం కలిగిస్తాయి. ల్యూకోట్రయీన్లు రక్తంలోని మిగతా తెల్ల కణాలను పొదుగులోకి పిలుస్తాయి. ఊరిలో దొంగలు పడితే కేక వేసి నలుగురిని పోగుచేసినట్లే. ఆరోగ్యమైన పొదుగు పాలలో మిల్లీలీటరుకు సాధారణంగా 2 లక్షల లోపు కణాలుంటాయి. వాపు వచ్చినప్పుడు అవి అనేక రెట్లు పెరుగుతాయి. అంటే మన చేతికి తగిలే ఆ వేడి, గట్టిదనం చాలావరకు పశువు తన రక్షణకు చేసుకున్న ఏర్పాటే.

ఈ పోరు హద్దు మీరితే పాలు తయారుచేసే భాగమే పాడై ఆ చన్ను ఎండిపోతుంది. అలా కాకుండా ఆపే ఏర్పాటు కూడ కొవ్వులోనే ఉన్నది. పోరు సాగినకొద్దీ అవే కణాలు లిపాక్సిన్లు వంటి వేరే పదార్థాలను తయారుచేస్తాయి. ఇవి కొత్త కణాల రాకను తగ్గించి, చచ్చిన కణాలను ఎత్తివేయిస్తాయి. లిపాక్సిన్ల సంగతి 1984లో వెల్లడి అయినది. అంతకు ముందే, ఆస్పిరిన్ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతుందని 1971లో చూపిన జాన్ వేన్‌కు, మరి ఇద్దరితో కలిపి, 1982లో నోబెల్ బహుమతి వచ్చినది.

పశువులకు వేసే నొప్పి మందులు ఎక్కువగా అదే చోట పనిచేస్తాయి. అవి కేకను ఆపుతాయి గాని దొంగను పట్టవు. సూది వేసిన మర్నాడు వాపు తగ్గినదని యాంటీబయాటిక్ మధ్యలో మానివేసే సభ్యులున్నారు. క్రిమి లోపలే ఉండి కొన్నాళ్ళకు మళ్ళీ తలెత్తుతుంది. స్టిరాయిడ్ సూదులు ఇంకా ముందు మెట్టునే అడ్డుకుంటాయి. నెలలు నిండుతున్న చూడి పశువుకు వేస్తే ఈసుకుపోయే ప్రమాదం ఉన్నది. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడరాదని 2006లో నిషేధించారు. ఆ మందు పడిన కళేబరాలను తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోయినవి. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడ నిషేధంలో చేరినవి. ఇంట్లో మిగిలిన మనుషుల మాత్రలు నూరి పోసే అలవాటు ఇకనైనా మానాలి. మెలాక్సికామ్‌తో రాబందులకు ఆ హాని లేదు. అదైనా పశువైద్యుడు చెప్పిన మోతాదులోనే వాడాలి.

పైకి కనబడని పొదుగువాపే సంఘాలకు ఎక్కువ నష్టం తెస్తుంది. పాలు తెల్లగానే ఉంటాయి, దిగుబడి తగ్గుతుంది, రుచి కాస్త ఉప్పన అవుతుంది. దీనిని పట్టడానికీ ఆ కొవ్వు పొరే సాయం చేస్తుంది. మొదటి రెండు మూడు ధారలు వదలి, నాలుగు గుంటల పళ్ళెంలో ఒక్కొక్క చన్ను పాలు విడివిడిగా పిండి, అంతే కొలత పరీక్ష ద్రావణం కలిపి తిప్పాలి. ద్రావణంలోని సబ్బు గుణం కణాల పొరను కరిగిస్తుంది. లోపలి పదార్థం బయటపడి పాలు జిగటగా సాగుతాయి. కణాలు ఎక్కువైన కొద్దీ జిగట ఎక్కువ. ద్రావణం దొరకనిచోట అర లీటరు నీటిలో 15 గ్రాముల బట్టల సబ్బు పొడి కరిగించి వాడుకోవచ్చును. పరీక్ష అయిన పాలను క్యానులో పోయరాదు, దూడకు తాపరాదు.