వార్తల్లో పదం: శాశ్వత కౌలు

2025 జనవరిలో గ్వాంటనామో మళ్లీ వార్తల్లోకి ఎక్కింది. అక్కడి వలసదారుల నిర్బంధ కేంద్రాన్ని 30,000 మందికి సరిపడేలా విస్తరించమన్నారు ట్రంప్. ఆ నేల క్యూబాది, పెత్తనం అమెరికాది.

1898లో స్పెయిన్‌ను ఓడించి ఫిలిప్పీన్స్, పోర్టోరికో, గువామ్‌లను దక్కించుకున్న అమెరికా, క్యూబాను కలుపుకోబోనని ముందే మాట ఇచ్చింది. అందుకే దొడ్డిదారి పట్టింది. తన జోక్యానికి, సైనిక స్థావరాలకు హక్కునిచ్చే ప్లాట్ సవరణను క్యూబా తన రాజ్యాంగంలో చేర్చుకుంటేనే అమెరికా సైన్యం అక్కడి నుంచి కదులుతుందని 1901లో మెలిక పెట్టింది. 1903లో ఏటా 2,000 డాలర్లకు గ్వాంటనామోను రాయించుకుంది. 1934 ఒప్పందం ప్రకారం ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి, లేదా అమెరికాయే వదిలి వెళ్లాలి. అప్పటిదాకా ఆ కౌలు తెగదు.

మెదక్ గడ్డకు ఈ ఎత్తు తెలియనిది కాదు. ఈ ప్రాంతాన్ని ఏలిన నిజాం 1798లో సైన్య సహకార ఒప్పందానికి తలొగ్గాడు. ఇంగ్లిష్ అధికారుల కింది హైదరాబాద్ కంటింజెంట్ జీతాల బాకీ పేరుతో 1853లో పత్తి పండే బేరార్ ప్రాంతం నిజాం చేజారింది. 1902లో వైస్రాయ్ కర్జన్ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేత దాన్ని ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుగా రాయించాడు. కాగితం మీద బేరార్ నిజాందే; శిస్తు, చట్టం, పోలీసు ఇంగ్లిష్ వాళ్లవి.

ఖజానా ఖాళీ చేసి, గుమ్మంలో సైన్యాన్ని నిలిపి చేయించిన సంతకాన్ని ఒప్పందం అనలేం. క్యూబా ఆ కౌలు చెక్కులను మార్చుకోవడం ఎప్పుడో మానేసింది. నేలను తిరిగి ఇమ్మని నేటికీ అడుగుతోంది.