పురుగు మొక్కను ఎట్లు ఎన్నుకొనును?

క్యాబేజీ మడిలో ఆకులు జల్లెడవలె తూట్లు పడియుండగా, ప్రక్కనే యున్న టమాటా మొక్కను ఆ పురుగు ముట్టకుండుటను మన రైతులు చూచుచునే యున్నారు. పురుగునకు ఈ ఎన్నిక ఎట్లు తెలియును? ఈ మర్మమును గ్రహించిన గ్రామము మందుల ఖర్చును తగ్గించుకొనగలదు. కావున పంచాయతీ సభ్యుల నిమిత్తము దీనిని క్లుప్తముగా వివరించుచున్నాము.

ఘాటే ఆహ్వానము

క్యాబేజీ, కాలీఫ్లవరు, ముల్లంగి, ఆవ ఒకే కుటుంబపు మొక్కలు. ఆవాలు నూరినపుడు ముక్కునకు తగులు ఘాటునకు మూలమైన పదార్థములు వీటన్నింటిలోను కలవు. ఆ ఘాటు పెక్కు పురుగులను దూరముగా నుంచును. కాని క్యాబేజీకి ప్రధాన శత్రువైన డైమండు రెక్కల పురుగునకు అదియే ఆహ్వానము. తల్లి పురుగు ఆ వాసన పట్టి వచ్చి, ఆకును తాకి చూచి గ్రుడ్లు పెట్టును.

1910లో హాలెండు శాస్త్రజ్ఞుడు వెర్షాఫెల్టు ఇట్టి పదార్థమునే ఇతర జాతుల ఆకులకు పూసి చూచెను. క్యాబేజీని తిను సీతాకోకచిలుక గొంగళులు, అంతవరకు ముట్టని ఆ ఆకులను తినసాగినవి.

తల్లి ఎన్నిక, పిల్ల ఎదుగుదల

గ్రుడ్లు కొలది దినములలో పొదుగును. పిల్లపురుగు మొదట ఆకు పొరల నడుమ దూరి, పిదప వెలుపలికి వచ్చి ఆకు అడుగు భాగమును గీకి తినును. తరువాత ఆకుపైననే పలుచని గూడు అల్లుకొనును. వెచ్చని దినములలో సుమారు మూడు వారములకే క్రొత్త తరము సిద్ధమగును.

అయితే తల్లి ఎన్నిక ఎల్లప్పుడు సరియైనది కాదు. ఐరోపాలో పెరుగు బార్బేరియా అను మొక్కపై ఈ పురుగు ఇష్టముగా గ్రుడ్లు పెట్టును గాని, అందలి సాపోనిన్లు అను పదార్థములవలన పిల్లలు బ్రతుకజాలవు. ఆవపై నట్లు కాదు. అవి చక్కగా ఎదుగును.

ఎర పంట

మందునే నమ్ముకొనుట చాలదు. 1953లోనే జావా ద్వీపమున ఈ పురుగు డి.డి.టి.కి లొంగకుండుట వెల్లడియయ్యెను. మందుకు తట్టుకొన్న పురుగులే మిగిలి సంతతిని పెంచును.

పురుగు ఇష్టమునే మనము ఉపయోగించుకొనవచ్చును. ప్రతి 25 వరుసల క్యాబేజీకి 2 వరుసల ఆవ వేయవలెను. ఒక వరుసను క్యాబేజీ నాటుటకు 15 దినములు ముందుగాను, రెండవ దానిని నాటిన 25 దినములకును విత్తవలెను. పురుగు ఆవపై మూగును. అచ్చటనే మందు చల్లి దానిని చంపవలెను. ఏమరితిమేని ఆ ఆవ వరుసయే పురుగుల పుట్టయగును.

పంచాయతీ చేయదగినది

ఒక రైతు ఎంత శ్రద్ధ వహించినను, పొరుగు చేనిలో కోత అయిన పిదప మోళ్లు, ముదురాకులు మిగిలియున్నచో పురుగు అచ్చట తలదాచుకొని మరల వచ్చును. కావున నారు పోయు కాలమునకు ముందే సమావేశమున ఈ విషయమును చర్చించి, ఊరిలోని కూరగాయల రైతులందరు ఒకేసారి ఎర పంట వేయునట్లును, కోత కాగానే మోళ్లను తీసి ఎరువు గోతిలో కప్పునట్లును చూడవలెను. చేనికి గట్టు కలదు గాని పురుగునకు గట్టు లేదు.